ఆరో వీధి నీళ్ళలో ఏం కలిసింది

ఆ నెల రోజులూ నీళ్ళాయన కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. అంతకు ముందు ముప్పై ఏళ్ళలో ఆయన నడకలో తొందరన్నది ఎవరూ చూడలేదు. పొద్దున్నే అయిదున్నరకి భుజాన అయిదడుగుల ఇనప తాళంచెవి వేసుకుని, తొమ్మిది వీధుల్లో ఇరవై రెండు వాల్వులు తిప్పుకుంటూ పోయేవాడు. తాళంచెవి అంటే జేబులో పట్టేది కాదు. పైన అడ్డంగా పిడి, కింద నలుచదరపు సందు ఉన్న కడ్డీ. రోడ్డు మీది ఇనప మూత తీసి, కడ్డీని గుంటలోకి దింపి తిప్పితే ఆ వీధికి నీళ్ళు వస్తాయి. వెనక్కి తిప్పితే కట్టు. ఏ వాల్వుకి ఎన్ని చుట్లో ఆయన చేతులకే తెలుసు. నోటితో లెక్కపెట్టేవాడు కాదు. పక్కవాడితో మాట్లాడుతూనే సరిగ్గా పద్నాలుగో చుట్టు దగ్గర ఆగిపోయేవాడు.

మాట్లాడటమంటే ఆయనకి ప్రాణం. అదీ మామూలు కబుర్లు కావు, లోపలి సంగతులు. జనాభా లెక్కలు అసలెందుకు తీస్తారో, వీధి దీపాల రంగు ఎందుకు మార్చారో, ఆస్పత్రిలో పరీక్షకని తీసిన రక్తంలో మిగిలింది ఎక్కడికి పోతుందో అన్నీ ఆయనకి తెలుసు. ఎలా తెలుసని ఎవరైనా అడిగితే కనుబొమలు ఎగరేసి, "డిపార్టుమెంటులో ఉన్నవాణ్ణి, మనకి తెలియవా?" అనేవాడు. ఆయన ఉన్నది నీళ్ళ డిపార్టుమెంటు. అయితేనేం, జనానికి ఏ డిపార్టుమెంటైనా ఒకటే. ఆరో వీధి మొదట్లో ఉన్న జిరాక్సు షాపాయన ఈ సంగతులకి మొదటి శ్రోత. పొద్దున నీళ్ళాయన విసిరిన మాట మధ్యాహ్నానికల్లా వీధి గ్రూపులో ఎర్ర అక్షరాలతో, మూడేసి ఆశ్చర్యార్థకాలతో తేలేది.

ఇందులో ఆయన చెడ్డతనం ఏమీ లేదని నేనంటాను. ముప్పై ఏళ్ళు రోడ్డు మీద వంగి గుంటల్లోకి చూస్తూ బతికిన మనిషి. నీళ్ళు వస్తే ఆయన్ని ఎవరూ తలుచుకోరు. రాకపోతే తలుచుకుంటారు, ఎలాంటి మాటలతోనో మీకు చెప్పక్కర్లేదు. నలుగురు తన చుట్టూ చేరి చెవులు రిక్కించేది ఈ కబుర్లప్పుడే. అది ఎవరికి చేదు?

ఒక బుధవారం ఆరో వీధిలో పైపు పగిలింది. సాయంత్రానికి అతికారు. అతికాక లైన్లో చేరిన మట్టి పోవడానికి, వీధి చివర పల్లంలో మురుగుకాలవ పక్కనున్న కడుగుడు వాల్వు తెరవాలి. కాసేపు నీళ్ళు కాలవలోకి పోనిచ్చి, తేటపడ్డాక మళ్ళీ మూసెయ్యాలి. తెరవడానికి పదిహేడు చుట్లు, మూయడానికి పదిహేడు. నీళ్ళాయన తెరిచాడు. తేటపడేలోపు జిరాక్సు షాపాయన వీధి మొదట్లోంచి కేకేశాడు.

"బాబాయ్, ఓటర్ల లిస్టులో ఫొటోలు ఎందుకు మారుస్తున్నారో తెలిసిందా?"

నీళ్ళాయనకి తెలియదు. కానీ తెలియదని ఎలా అంటాడు? వెళ్ళాడు. ఒక టీ, ఇంకో టీ. సంగతి రసకందాయంలో పడి ముప్పావుగంట పట్టింది. అక్కడినుంచి నేరుగా వెళ్ళి వీధికి నీళ్ళొచ్చే పెద్ద వాల్వు కట్టేసి ఇంటికి పోయాడు. కడుగుడు వాల్వు నోరు తెరుచుకునే ఉంది. తెల్లవారేదాకా ఖాళీగా ఉన్న పైపులోకి కాలవ నీళ్ళు తీరుబడిగా చేరాయి.

గురువారం పొద్దున నీళ్ళు వదిలాక పల్లానికి వచ్చి చూస్తే గుంటలోంచి బుడబుడమని పొంగుతోంది. వంగి వాసన చూశాడు. మురుగు కంపు. గబగబా పదిహేడు చుట్లూ తిప్పి మూసి, మూత పెట్టి, నాలుగు వైపులా చూశాడు. ఎవరూ లేరు. ఇలాంటివి జరిగితే వెంటనే ఆఫీసుకి చెప్పాలి, లైనంతా మందు నీళ్ళతో కడిగించాలి. ఆయన ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజూ మర్నాడూ ఆరో వీధిలో నలభై ఒక్క మందికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వీధి చివరిల్లు నీళ్ళాయన అక్కది. మిషను కుట్టుకుని బతికే మనిషి. ఆవిడ మనవరాలు, నాలుగేళ్ళది, మూడు రోజులు ఆస్పత్రిలో సెలైను మీద ఉంది. కళ్ళు గుంటలు పడి, గొంతు పీలగా, "తాతా, సూది వద్దని చెప్పు" అంటుంటే నీళ్ళాయన మంచం పక్కన నిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తమ్ముడికి ఎంత ప్రేమో అని అక్క మురిసిపోయింది. ప్రేమే, కాదని ఎవరంటారు? సగం ప్రేమ, సగం భయం.

ఆస్పత్రి వరండాలో జిరాక్సు షాపాయన వచ్చి నీళ్ళాయన భుజమ్మీద చెయ్యి వేశాడు.

"బాబాయ్, నువ్వు లోపలి మనిషివి. దాచకుండా చెప్పు. నీళ్ళలో ఏమైనా కలిపారా?"

"నేనే వాల్వు మూయడం మర్చిపోయానురా" అని ఉండొచ్చు. అంత ధైర్యం లేకపోతే "ఏమీ కలపలేదు, పోరా" అనైనా అని ఉండొచ్చు. ముప్పై ఏళ్ళ అలవాటు నోటిది.

"నాకేం తెలుసురా. పైవాళ్ళు ఏం చేస్తారో మనకి చెప్పి చేస్తారా?"

అంతే, చాలు. సాయంత్రానికి గ్రూపులో "డిపార్టుమెంటు మనిషే ఒప్పుకున్నాడు!!!" అని వచ్చింది. వార్డు ఎన్నికలు ఆరు వారాల్లో ఉన్నాయి. కిందటిసారి మన వార్డు గెలిచిన పార్టీకి ఓటెయ్యలేదు, అందుకని ఓటు రోజున జనాన్ని మంచాన పడెయ్యడానికి మందు కలుపుతున్నారు, ఆరో వీధి ఉత్త ప్రయోగమే అన్నారు. మూడో రోజుకి ఆ మందు తాగిన ఆడపిల్లలకి పిల్లలు పుట్టరన్నారు. అయిదో రోజుకి మందు పేరు, అది తయారయ్యే దేశం, దాన్ని మోసుకొచ్చిన ఓడ రంగు కూడా తెలిసిపోయాయి. కలిపిన చెయ్యి ఎవరిదో ఒక్కటే తేలాలి.

చుక్కలమ్మాయి దొరికింది.

ఆ అమ్మాయి నీళ్ళ పరీక్ష చెయ్యడానికి ఏడాది కాంట్రాక్టు మీద వచ్చింది. వేరే ఊరిది, ఎనిమిదో వీధిలో ఒంటిగది అద్దెకి తీసుకుంది. రోజూ పదేసి ఇళ్ళ ముందు ఆగి, కుళాయి నీళ్ళు చిన్న గాజుగొట్టంలో పట్టి, సీసాలోంచి రెండు చుక్కలు వేస్తుంది. నీళ్ళలో క్రిముల్ని చంపే క్లోరిన్ ఉంటే పసుపు రంగు తేలుతుంది, మురుగు చేరి అది హరించుకుపోతే తేలదు. ఎంత రంగు వచ్చిందో పుస్తకంలో రాసుకుని, గొట్టం పారబోసి కడుక్కుని పోతుంది. ఎనిమిది నెలలుగా అందరూ చూస్తున్నదే. ఆ పేరు పెట్టింది కూడా వెంటపడి రంగు చూసే పిల్లలే. ఇప్పుడు ఎవరో వీడియో ఒకటి తీసి పెట్టారు. అక్క గుమ్మం ముందు అమ్మాయి చుక్కలు వేస్తోంది, నీళ్ళు రంగు మారుతున్నాయి. పారబోసే ముక్క కత్తిరించేశారు.

దానికి అక్క సాక్ష్యం. ఆవిడ అబద్ధాలాడే మనిషి కాదు, వచ్చిన చిక్కే అది.

"బుధవారం మా ఇంటికొచ్చింది. నా కళ్ళతో చూశాను. రెండు చుక్కలేసింది. గురువారం పిల్ల పడిపోయింది. ఇంకేం కావాలి?"

ప్రతి ముక్కా నిజమే. ముక్కకీ ముక్కకీ మధ్య కుట్టు మాత్రమే ఆవిడ వేసుకున్నది.

ఇక చూడండి. పాల దుకాణం వాడు ఆ అమ్మాయికి పాలు లేవన్నాడు, ఆమె వెనక నిలబడ్డావిడకి పోశాడు. ఇంటావిడ నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమంది. ఎవరో పరీక్ష పెట్టె లాక్కుని కాలవలో పడేస్తే, గట్టున కూర్చుని కర్రతో పైకి తీసుకుంది. అయినా మర్నాడు పొద్దున్నే మొదటి వాల్వు దగ్గరికి వచ్చి నిలబడింది. జనం జబ్బు పడ్డాక, నీళ్ళాయన ఎక్కడ నీళ్ళు వదిలితే అక్కడే వెంటనే నమూనా పట్టమని ఆఫీసు ఆమెకి చెప్పింది. ఆ రకంగా రోజూ ఇద్దరూ పక్కపక్కనే.

"బాబాయ్ గారూ, మీ మాటంటే వాళ్ళకి గురి. నా పనేమిటో మీకు తెలుసు కదా. మీరొక్క మాట చెప్తే ఆగిపోతారు."

"చెప్తాలే అమ్మా. కాస్త వేడి చల్లారనీ."

వేడి చల్లారలేదు. చల్లారనిచ్చే ఆసక్తి ఎవరికుంది? జిరాక్సు షాపులో కరపత్రాలు వేడివేడిగా వస్తున్నాయి.

నీళ్ళాయనకి ఇల్లు ముళ్ళ కంపైపోయింది. కంచం ముందు కూర్చుని సగంలో లేచేవాడు. కూర్చున్న చోటినుంచి గుమ్మానికీ, గుమ్మంలోంచి మళ్ళీ లోపలికీ తిరిగేవాడు. "ఏమిటా తిరుగుడు? నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అని భార్య కసిరితే చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. అన్నిటికన్నా ఘోరం, చేతులు లెక్క మరిచిపోయాయి. బిగ్గరగా "ఒకటి, రెండు" అంటూ తిప్పడం మొదలుపెట్టాడు. తిప్పి పది అడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చి చూసుకునేవాడు. ఒక రోజు అయిదో వీధి వాల్వుని నాలుగుసార్లు చూశాడు. మేడ మీంచి ఎవరో దాన్ని కూడా వీడియో తీశారు.

ఒకసారి ధైర్యం చేశాడు. జిరాక్సు షాపు అరుగు మీద కూర్చుని, గోడ వంక చూస్తూ, "ఏమోరా, మురుగు నీళ్ళు లైన్లోకి పోయి ఉండొచ్చు కూడా" అన్నాడు.

జిరాక్సు షాపాయన కళ్ళు మెరిశాయి. "అంటే కాలవలోంచి ఎక్కిస్తున్నారన్నమాట! అమ్మ బాబోయ్, ఎంత తెలివి!"

నీళ్ళాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీదో ఆయనకే తెలియలేదు. లేచి వచ్చేశాడు.

నాలుగో వారం శనివారం పదకొండింటికి పంపుహౌసు ముందు జనం గుమిగూడారు. రెండు వందలమంది ఉంటారు. ఎన్నికల్లో అధికార పార్టీకి ఎదురు నిలబడ్డ అభ్యర్థి జీపు మెట్టు మీద నిలబడి చేతిమైకు పట్టుకున్నాడు. చుక్కలమ్మాయి లోపల పరీక్ష గదిలో ఉంది. కటకటాల తలుపుకి లోపలినుంచి గొళ్ళెం వేసుకుంది. వాచ్‌మన్ తలుపుకి అడ్డంగా నిలబడ్డాడుగానీ, ఆయన బూట్లు ఏ క్షణాన్నయినా పక్కకి జరిగేలా ఉన్నాయి.

"మేము కొట్టడానికి రాలేదమ్మా," అన్నాడు అభ్యర్థి మైకులో, "న్యాయం అడగడానికి వచ్చాం. నీ సీసాలో ఉన్నది మంచిదేనంటున్నావు. అయితే మా అందరి ముందూ తాగి చూపించు. చేతులెత్తి దణ్ణం పెట్టి వెళ్ళిపోతాం."

"తాగు! తాగు!" అన్నారు జనం. ముందు వరసలో అక్క ఉంది, పక్కన జిరాక్సు షాపాయన ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

లోపలినుంచి అమ్మాయి గొంతు సన్నగా వినిపించింది. "ఇది తాగేది కాదండీ. పరీక్షకి వాడే రసాయనం. తాగితే ప్రమాదం."

"విన్నారా! తన నోటితోనే చెప్పింది! తాగితే ప్రమాదమట!"

ఇంకేముంది, కటకటాల మీద చేతులు పడ్డాయి. తలుపు బిగింపులు గోడలోంచి సున్నం రాలుస్తూ కదిలాయి. నీళ్ళాయన భుజాన తాళంచెవితో జనం వెనకనుంచి ఎలా తోసుకొచ్చాడో ఆయనకే గుర్తులేదు. ముందుకొచ్చి కటకటాల్లోంచి చూశాడు. అమ్మాయి సీసా చేతిలోకి తీసుకుంది. ఏడవడం లేదు. మూత తిప్పుతోంది. తాగేసి ఈ గోల ఒక్కసారి వదిలించుకుందామనుకున్న మొహం అది.

"అమ్మా, వద్దు!" అని అరిచాడు. జనం వైపు తిరిగాడు. "నేను! నా వల్ల కలిసింది! ఆ పిల్లకేం తెలియదు!"

కటకటాల మీది చేతులు ఆగాయి. తాళంచెవి ఎత్తి చూపిస్తూ చెప్పేశాడు. పైపు పగిలిన సంగతి, కడుగుడు వాల్వు తెరవడం, టీ, ఓటర్ల లిస్టు, మరిచిపోవడం, మురుగు నీళ్ళు. "నమ్మకపోతే నాతో రండి, చూపిస్తాను" అని నడిచాడు. జనం వెంట నడిచారు. జీపు కూడా నడిచింది. పంపుహౌసు ముందు వాచ్‌మన్ ఒక్కడే మిగిలాడు.

పల్లంలో మూత తీసి, కడ్డీ దింపి, కాలవ ఎక్కడుందో, పైపు ఎక్కడుందో, నీళ్ళు లేనప్పుడు మురుగు ఎలా లోపలికి పోతుందో వేలు పెట్టి చూపించాడు. ముప్పై ఏళ్ళలో ఆయన పని ఏమిటో ఇంతమంది ఇంత శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి. చెప్పడం అయ్యాక ఆయన ఆయాసపడుతూ నిలబడ్డాడు. తిడతారు, కొడతారు. కొట్టనీ అనుకున్నాడు. నిజానికి దానికోసమే ఎదురుచూశాడు.

అక్క ముందుకొచ్చి రెండు చేతులతో ఆయన మొహం పట్టుకుంది.

"ఎవర్రా నిన్నింత భయపెట్టింది?"

"భయం కాదక్కా. నేనే చేశాను."

"ఉద్యోగం తీసేస్తామన్నారా? మన పిల్లల్ని ఏమైనా చేస్తామన్నారా? నాకు చెప్పు."

"అక్కా, నీ మీద ఒట్టు. నేనే."

"నా మీద ఒట్టేసి మరీ అబద్ధం చెప్తున్నాడంటే ఎంత బెదిరించారో చూడండి!" అని జనం వైపు తిరిగి ఏడ్చింది. "నా తమ్ముడు ముప్పై ఏళ్ళలో ఒక్క చుట్టు తప్పు తిప్పలేదు. వాడి చేతిమీదుగా నా మనవరాలికి కీడు జరుగుతుందా? చంపినా జరగదు!"

గోడకి చెప్పుకున్నా కాస్త నయం. గోడ ఏడవదు. జిరాక్సు షాపాయన గుంటలోకి ఫోను దింపి లోపలంతా వీడియో తీస్తూ, "ఇన్నాళ్ళూ మనకి తెలియకుండా దాచిన రహస్య గొట్టం ఇదే మిత్రులారా" అని చెప్పుకుంటున్నాడు. అభ్యర్థి వచ్చి నీళ్ళాయన భుజం తట్టాడు. "మీకేం భయం లేదు పెద్దాయనా, మీ వెనక మేమున్నాం" అని ఫొటో తీయించుకున్నాడు. మాటల సంత పెట్టి బతికిన మనిషికి ఆ రోజు తన మాట ఒక్కటీ చెల్లలేదు. జనంలోంచి బయటపడి ఎనిమిదో వీధి వైపు దాదాపు పరుగెత్తాడు.

గది తలుపు తీసే ఉంది. చుక్కలమ్మాయి సంచిలో బట్టలు కుక్కుతోంది. ఆయన్ని చూసి ఆగింది. కూర్చోమనలేదు.

"నేను చెప్పింది నిజమేనమ్మా," అన్నాడు. "వాళ్ళెవరూ నమ్మలేదు."

"నేను నమ్మాను," అంది. "మీరు కటకటాల దగ్గర నోరు తెరవగానే నమ్మాను. ఆ గురువారం తొమ్మిదింటికి ఆరో వీధికి వెళ్తే నాకు క్లోరిన్ సున్నా వచ్చింది. మళ్ళీ వేశాను, సున్నా. ఆఫీసులో చెబితే సీసా పాతబడింది, నీకు చుక్కలు వెయ్యడం రాదు అన్నారు. వాళ్ళన్నాక నాకే అనుమానం పట్టుకుంది. నేనే ఏదో తప్పు చేశాను, నా వల్లే పిల్లలు పడిపోయారని నెల రోజులు..." మాట ఆపేసి గోడ వైపు తిరిగింది. కాసేపటికి మొహం తుడుచుకుని ఇటు తిరిగింది.

నీళ్ళాయనకి క్షమించమని అడగాలనిపించింది. అందుకు ఆమె వ్యవధి ఇవ్వలేదు.

ఆమె సంచిలోంచి పరీక్షల పుస్తకం తీసి, ఆ గురువారం పేజీ తెరిచి, పెన్నుతో సహా మంచం మీద పెట్టింది. "రాసి సంతకం పెట్టండి. ఇది పట్టుకుని ఇప్పుడే ఆఫీసుకి వెళ్తాను. మీ ఉద్యోగానికి ఏమవుతుందో నాకు తెలియదు."

"తెలుసమ్మా," అన్నాడు. నేల మీద కూర్చుని, పుస్తకం మంచం అంచున పెట్టుకుని రాశాడు. పదో తరగతి తర్వాత ఇంత పొడుగు వాక్యాలు రాసింది లేదు. వాల్వు మూయడం మరిచిపోయానని, పొద్దున చూసి మూశానని, ఎవరికీ చెప్పలేదని రాశాడు. చేతులకి తేలికగా అనిపించింది. పుస్తకం అందించాడు.

ఆమె నిలబడే చదివింది. "పొద్దున చూశానంటే, ఎన్నింటికి?"

పల్లంలో రెండు వందల మందికి అన్నీ చెప్పాడు గానీ ఆ సంగతి ఎవరూ అడగలేదు. తనని తాను కూడా అడగలేదు.

"ఆరున్నర."

"మీరు మూశాక పైపు నిండి, వీధి చివరిళ్ళ కుళాయిలకి నీళ్ళు ఎన్నింటికి ఎక్కుతాయి?"

అది ఆయనకన్నా బాగా తెలిసినవాడు లోకంలో లేడు. "ఏడింటికి."

ఆమె పుస్తకం మళ్ళీ ఆయన చేతికిచ్చింది. "మధ్యలో అరగంట ఉంది. అందులో ఏం చేశారో కూడా రాయండి."

ఆయన మళ్ళీ పెన్ను పట్టుకున్నాడు. బయట వీధిలో జీపు మైకు ఆయన ధైర్యాన్ని పొగుడుతూ పోతోంది. అది దూరమయ్యాక వంగి, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. ఏడో వీధి వాల్వు తిప్పడానికి వెళ్ళాను. అక్క ఇంటి ముందునుంచే వెళ్ళాను. అక్క, మనవరాలు కుళాయి దగ్గర బకెట్లు పెట్టుకుని కూర్చున్నారు. నీళ్ళు వస్తాయా అని అడిగింది. వస్తాయక్కా, పట్టుకో అన్నాను.